ఒకే బొంగు, రెండు ఊళ్ళు

మా తాత ఖ్రాబోక్ చేసిన వింటితో బాణం వదిలితే, బాణం ఈవేళ వెళ్ళిపోతుంది, దాని చప్పుడు వచ్చే సంతనాటికి గానీ వినపడదు. దారిలో మబ్బు అడ్డొస్తే మబ్బుకి చిల్లు పడుతుంది. చిరపుంజి కొండల మీద అంత వాన కురుస్తోందంటే దానికి కారణం సముద్రం కాదు, మా తాత కుర్రతనంలో చేసిన విళ్ళు. నమ్మకపోతే మా మావ్‌రింగ్‌లో ఎవరినైనా అడగండి. ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు నాంగ్‌స్రో వాళ్ళు. వాళ్ళు కూడా విళ్ళు మాత్రం తాత దగ్గరే చేయించుకుంటారు.

అయితే తాతకి బాణం వేయడం రాదు.

రాదంటే బొత్తిగా రాదు. పెళ్ళై మావ్‌రింగ్ వచ్చిన కొత్తలో, కొత్త అల్లుడు కదా అని ఊరివాళ్ళు ముచ్చటపడి పందెంలో నిలబెట్టారు. తాత వేసిన మొదటి బాణం గడ్డిమోపుని వదిలేసి, పక్కన తీరిగ్గా కూర్చున్న ఊరిపెద్ద నెత్తిమీది వెదురాకుల గొడుగులో దిగింది. రెండోది వెయ్యనివ్వలేదు. అప్పటినుంచి తాత విల్లు ఎక్కుపెడితే గొడుగులన్నీ చెట్ల వెనక్కి వెళ్ళిపోయేవి. కొత్త విల్లు చేసి సరి చూసుకునేటప్పుడు కూడా నారిని చెవిదాకా లాగుతాడు, కళ్ళు మూసుకుని అది చేసే చిన్న మూలుగు వింటాడు, మళ్ళీ మెల్లిగా దించేస్తాడు. వదలడు. విన్నది చాలంటాడు.

తాత పుట్టింది నాంగ్‌స్రోలో. పోకచెక్క నోట్లో వేసుకుని మావ్‌రింగ్‌లో బయల్దేరితే, రెండోది నమిలి ఉమ్మేలోపు నాంగ్‌స్రో వస్తుంది. అంతే దూరం. మా కొండల్లో మగవాళ్ళందరిలాగే తాతా పెళ్ళయ్యాక ఒక కత్తి, ఒక దుప్పటి పట్టుకుని అత్తారింటికి వచ్చాడు, నలభయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాడు. అన్నం తినేది మావ్‌రింగ్‌లో, మా అమ్మమ్మ థెయ్‌లిన్ పొయ్యి దగ్గర. మేనమామ హోదాలో తగువులు తీర్చేది నాంగ్‌స్రోలో, చెల్లెలి పొయ్యి దగ్గర. పిల్లలు అమ్మమ్మ వంశం, తాత మాత్రం ఎప్పటికీ వాళ్ళమ్మ వంశమే. పోయాక ఒంటిని ఎక్కడ కాల్చినా ఎముకల్ని మూటగట్టి తల్లి వంశపు రాతిగూట్లోకి చేర్చాలి, అక్కడ వాళ్ళమ్మ, అమ్మమ్మ, మేనమామలు అందరూ వరసగా ఉంటారు. ఆ రాతిగూటిమీద పెత్తనం వంశంలో ఆఖరున పుట్టిన ఆడపిల్లది. ఆ ఆఖరి ఆడపిల్ల తాత చెల్లెలు బాతిమోన్. ఆవిడ నోటికి రెండు ఊళ్ళూ భయపడతాయి. బాతిమోన్ పెద్దగా నవ్వితే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయని అమ్మమ్మ అంటుంది, కానీ అది ఆడబిడ్డ గురించి వదిన అనే మాట, అందులో సగం తీసేసుకోవాలి.

ఏటా విత్తనాలు చల్లకముందు మావ్‌రింగ్‌కీ నాంగ్‌స్రోకీ బాణాల పందెం జరుగుతుంది. ఈ సంగతి జరిగిన ఏటికి నాంగ్‌స్రో వరసగా మూడుసార్లు ఓడిపోయి ఉంది. అప్పుడు మావ్‌రింగ్ జట్టుకి పెద్ద అమ్మమ్మ తమ్ముడు కిర్‌షాన్. నాంగ్‌స్రో జట్టుకి పెద్ద బాతిమోన్ కొడుకు లాంఫ్రాంగ్, అంటే తాతకి సొంత మేనల్లుడు. ఇద్దరూ కొత్త విల్లు కావాలన్నారు. ఇద్దరికీ తాతే చెయ్యాలి. తాత దగ్గర మంచి బొంగు ఒక్కటే ఉంది.

ఒక్కటే అంటే మిగతావి లేవని కాదు. కానీ ఆ ఒక్కదాన్ని తాత పైలోయలో, రాళ్ళ మధ్య ఇరుక్కుని పెరిగిన పొదలో నాలుగేళ్ళు కనిపెట్టి ఉంచాడు. చలికాలంలో బొంగులోని నీరు వేళ్ళలోకి దిగాక నరికాడు. ఏడాదిపాటు ఇంటివెనక చూరు కింద, ఎండా వానా తగలకుండా ఆరబెట్టాడు. తర్వాత పొయ్యిమీది అటక మీద సరిగ్గా పన్నెండు రోజులు పొగ పట్టించాడు. పదమూడో రోజు పొద్దున్నే దించేశాడు. కండ మందం, కణుపులు దూరం దూరం. అలాంటి బొంగుని నడిమికి చీలిస్తే రెండు విళ్ళు వస్తాయి.

చీల్చేటప్పుడు తాత ఎవరితోనూ మాట్లాడడు. కత్తి అంచుని బొంగు మొదట్లో ఆనించి, మీద కర్రసుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ తర్వాత కత్తి దారి కత్తిది. కణుపు వచ్చినప్పుడల్లా ఆగి, ఊపిరి బిగబట్టి ఇంకో దెబ్బ. ఆ రోజు కిర్‌షాన్ వచ్చి ఎదురుగా చతికిలబడి అదంతా చూస్తూ కూర్చున్నాడు. చివరి కణుపు టప్పున విడిపోయేదాకా ఆగి, మెల్లిగా మొదలుపెట్టాడు.

"బావా, ఇందులో ఎండవైపు ముక్క ఏది?"

"రెండూ వెదురే."

"అది మా మేకకి కూడా తెలుసు. ఎండవైపు పెరిగిన ముక్క గట్టిది, నీడవైపుది మెత్తనిది కదా. గట్టిది నాకిచ్చి మెత్తనిది మీ మేనల్లుడికివ్వు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే. పోయినేడు బియ్యపు సారా తాగినప్పుడు."

"తాగినప్పుడు చెప్పింది తాగినప్పుడే వినాలి," అని తాత రెండు ముక్కలూ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. బయట కిర్‌షాన్ "బావా, మా అక్కనిచ్చాం నీకు, గుర్తుందా?" అని అరిచాడు. లోపల్నుంచి తాత, "మీ అక్కని ఎవరూ ఇవ్వలేదు, నన్నే తీసుకొచ్చి ఇక్కడ పడేశారు," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఎండవైపు ముక్క గట్టిదే. ఏ ముక్క ఏదో తాతకి వేలి గోటితో మీటితే తెలిసిపోతుంది. అందుకే తాత ఆ గట్టి ముక్కని లోపలివైపు నుంచి రెండో దానికన్నా గోరంత ఎక్కువ గీశాడు. వారం రోజులు అదే పని. గీయడం, వంచడం, వినడం, మళ్ళీ గీయడం. వెదురు పై పొరనే సన్నగా పేడులా చీల్చి రెండింటికీ నారులు కట్టాడు. ఆఖరున గోడకి మేకు కొట్టి, ఒక విల్లు తగిలించి, దాని నారికి రుబ్బురాయి వేలాడదీశాడు. నారి ఎంత కిందికి దిగిందో గోడమీద బొగ్గుతో గీత గీశాడు. దాన్ని తీసేసి రెండో విల్లు తగిలించి, అదే రాయి వేలాడదీశాడు. నారి వచ్చి ఆ గీత మీదే ఆగింది. గీతకి పైనా కాదు, కిందా కాదు. తాత అమ్మమ్మని పిలిచి చూపించాడు. ఆడవాళ్ళు విల్లు ముట్టుకోకూడదు కానీ చూడ్డానికి అభ్యంతరం లేదు.

"చూశావా?"

"చూశాను. నా రుబ్బురాయి ఎప్పుడిస్తావ్? పచ్చడి నూరాలి," అంది అమ్మమ్మ.

ఆ మర్నాడే నాంగ్‌స్రో నుంచి బాతిమోన్ వచ్చింది, నుదుటి పట్టీకి బుట్ట తగిలించుకుని, వెనక లాంఫ్రాంగ్‌ని తోడు పెట్టుకుని. బుట్టలో అన్నకోసం ఎండుచేపలు తెచ్చింది. వాటిని గుమ్మంలో పెడుతూనే అడిగేసింది.

"అన్నా, మంచి ముక్క ఎవరికిచ్చావ్?"

"రెండూ ఒకటే."

"రెండూళ్ళల్లోనూ అదే మాట చెబుతున్నావంటే, ఎక్కడో ఒకచోట అబద్ధమాడుతున్నావన్నమాట."

"గోడమీద గీత చూసుకో."

"గీత నువ్వే గీశావు కదా! ముప్ఫయ్యేళ్ళుగా ఈ ఇంట్లో అన్నం తింటున్నావ్. నాలుక ఇటు తిరగకుండా ఉంటుందా?" అని వంటింటివైపు ఒక చూపు విసిరింది. "ఇదిగో చెబుతున్నా విను. మూడేళ్ళుగా తలెత్తుకుని సంతకి వెళ్ళలేకపోతున్నాం. ఈసారి నా కొడుకు చేతిలో నీ విల్లు విరిగిందో, వంగిందో, కనీసం దగ్గిందో, నీ ఎముకల్ని మా రాతిగూట్లో అడుగుపెట్టనివ్వను. అమ్మ పక్కన నీకని చోటు ఉంచాను. అక్కడ నా పందుల కుడితి కుండ పెట్టుకుంటాను. నీ ఎముకలు నీ పెళ్ళాం పొయ్యిమీద వేలాడదీసుకోనీ!"

లోపల్నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "అమ్మా బాతిమోన్, నా పొయ్యిమీద ఇప్పటికే చోటు లేదు. కావాలంటే కోళ్ళగూట్లో చూస్తాలే."

లాంఫ్రాంగ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. తాత నవ్వలేదు. విల్లు తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టి, వాణ్ణి మాత్రమే చూస్తూ చెప్పాడు.

"గోడకి వేలాడదియ్యి. తడి తగిలితే పొడిగుడ్డతో తుడువు. పొయ్యి దగ్గరికి మాత్రం పోనివ్వకు. ఇది తాగాల్సిన పొగ తాగేసింది. ఇంక ఒక్కరోజు ఎక్కువైనా ఎండిపోయి పెళుసెక్కుతుంది. అర్థమైందా?"

"అర్థమైంది మామా."

వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ అన్నం పెట్టింది. పందిమాంసం వేసి వండిన ఎర్రన్నం, తాతకి ప్రాణం. సగం తిని పళ్ళెం పక్కకి జరిపాడు.

"ఏమయ్యా, దాని మాటలకి అన్నం మానేస్తావా? అది చిన్నప్పటినుంచి అంతేగా."

"అమ్మ పక్కన అంటే ఎటుపక్కో," అన్నాడు తాత. "కుడిపక్కన చిన్న మామ ఉన్నాడు. ఎడమపక్కే అయ్యుంటుంది."

ఎముకల సంగతి తాత నోటివెంట అంతకుముందు ఎప్పుడూ రాలేదని అమ్మమ్మ చెబుతుంది. ఎగతాళి చెయ్యబోయి మానేసిందట.

పందెం ఇంకా పన్నెండు రోజులుందనగా అకాలపు వాన పట్టుకుంది. రెండు రోజులు వదలకుండా కురిసి వెలిసింది. కిర్‌షాన్ వచ్చి విల్లుకి చెమ్మ పట్టిందేమోనని గోలపెడితే తాత దాన్ని పొడిగుడ్డతో తుడిచి, గాలాడేచోట తగిలించి, "పో, దీనికి జలుబు చేయదు," అని పంపేశాడు. నాంగ్‌స్రోలో లాంఫ్రాంగ్ కూడా తుడిచి గోడకి తగిలించి, బంగాళాదుంప పొలం పనికి వెళ్ళిపోయాడు. పొలంలోనే గుడిసె వేసుకుని వారం పైన ఉండిపోయి, పందెం ముందురోజు ఇంటికొచ్చాడు. విల్లు గోడమీద ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

పందెం రోజు పొద్దున్నే మంచు విడిపోయింది. రెండు ఊళ్ళ మధ్య బయలులో గడ్డిమోపుని గుంజకి కట్టారు. నిలువురాళ్ళ కింద పరిచి ఉన్న చదును రాళ్ళమీద పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్ళు పైన వాలులో, బాణాలకీ విళ్ళకీ దూరంగా, ఊరికొక గుంపుగా కూర్చుని తాంబూలాలు పంచుకుంటున్నారు. జట్టుకి పదిమంది, మనిషికి పన్నెండు బాణాలు, మూడు విడతలు. మా ఈకలు ఎర్రవి, వాళ్ళవి నల్లవి. ఒక విడత అవ్వగానే మోపులో దిగినవి పీకి లెక్కపెడతారు.

బాణాలు ఎంత ముఖ్యమో కేకలు అంత ముఖ్యం. ఎదుటివాడు గురి చూస్తున్నప్పుడు వాడి చెయ్యి చెదిరేలా పదాలు కట్టి అరవడానికి ఊరికొక మనిషి ఉంటాడు. ముందు మా కేకలమనిషి లేచాడు.

"నాంగ్‌స్రో బాణాలకి సిగ్గెక్కువ,
మోపుని చూస్తే పక్కకి తప్పుకుంటాయి! హోయ్ కీవ్!"

వాళ్ళవాడు ఊరుకుంటాడా.

"మావ్‌రింగ్ అల్లుడు చేసిన విళ్ళు,
అత్తారింట్లో లాగే గట్టిగా నోరెత్తవు! హోయ్ కీవ్!"

రెండు గుంపులూ పడీపడీ నవ్వాయి. తాత కూడా నవ్వాడు. ఆ పదం బాగుందని పక్కవాడితో అన్నాడు కూడా.

రెండు విడతలు అయ్యేసరికి మావ్‌రింగ్‌కి మూడంటే మూడే ఎక్కువ. కిర్‌షాన్, లాంఫ్రాంగ్ ఒకరిని మించి ఒకరు వేస్తున్నారు. చెట్టుకింద తాత కళ్ళు సగం మూసుకుని ఆ రెండు నారుల చప్పుడూ వింటున్నాడు. మొదటి విడతలో రెండింటిదీ ఒకటే గొంతు. రెండో విడత సగంలో లాంఫ్రాంగ్ వింటి గొంతు మారింది. కొంచెం కీచుగా, గొంతెండినట్టు. తాత కళ్ళు పూర్తిగా తెరిచాడు. లేచి వెళ్ళి ఆపుదామా అనుకుంటుండగానే మూడో విడత మొదలైంది. లాంఫ్రాంగ్ రెండో బాణం ఎక్కుపెట్టి, నారి చెవిదాకా లాగాడు.

ఫెళ్ళుమని విరిగింది.

ఒక పేడు లేచి వాడి బుగ్గ గీరింది. బాణం కాళ్ళ దగ్గర పడింది.  నాంగ్‌స్రో గుంపులోంచి ఒకడు అరిచాడు.

"మావ్‌రింగ్ అల్లుడు మనల్ని అమ్మేశాడ్రోయ్!"

అంతే, అందరూ అందుకున్నారు. దొంగ అన్నారు, పెళ్ళాం చాటు మేనమామ అన్నారు. తాత చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన కుర్రాళ్ళు కూడా అన్నారు. అయితే తాతని కుంగదీసింది ఆ తిట్లు కాదు. మావ్‌రింగ్ వాళ్ళు ఈలలు వేశారు. ఇద్దరు ముగ్గురు వచ్చి వీపు తట్టారు. కిర్‌షాన్ అయితే చెవిదగ్గరికి వచ్చి గుసగుసగా, "బావా, గట్టివాడివి! ముందే చెబితే నేనూ మొహం సరిచేసుకుని ఉండేవాణ్ణి కదా," అన్నాడు.

తాత వాడి చెయ్యి భుజం మీంచి తీసేసి బయల్లోకి నడిచాడు. రెండు ముక్కలూ ఏరాడు. మంచి వెదురు విరిగితే పీచు పీచుగా చీలుతుంది, ఒక ముక్క రెండోదాన్ని వదలదు. ఇది ఎండు అప్పడంలా పుటుక్కున విరిగింది. లోపలి కండ తెల్లగా పొడిబారి ఉంది. పొగ తాగాల్సినదానికన్నా బాగా ఎక్కువ తాగింది. తాత విరిగిన చోటుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దేవదారు పుల్లల పొగ. ఆ పొగలో ఏటిచేపల వాసన. పొయ్యిమీది అటక మీద పసుపు రాసి ఎండబెట్టే చిన్న చేపలు. ఆ వాసన తాతకి పాలపళ్ళు రాకముందునుంచీ తెలుసు. వాళ్ళమ్మ అలాగే ఎండబెట్టేది. ఇప్పుడు ఆ వంశంలో అలా ఎండబెట్టేది ఒక్కతే.

తాత తలెత్తి వాలువైపు చూశాడు. నాంగ్‌స్రో ఆడవాళ్ళ గుంపులో అందరూ లేచి నిలబడి అరుస్తున్నారు. బాతిమోన్ ఒక్కతే కూర్చుని ఉంది. శాలువా అంచు నోట్లో కుక్కుకుంది.

మధ్యవర్తి పెద్దాయన రాయి మీంచి దిగి వచ్చాడు. "ఏమయ్యా ఖ్రాబోక్, ఏం చెబుతావ్?"

చెబితే చెల్లెలి పని అయిపోతుంది. పందెం వింటిమీద ఆడదాని చెయ్యి పడిందంటే, అదీ వంశపు పొయ్యిని కాపాడాల్సిన ఆఖరి ఆడపిల్ల చెయ్యి పడిందంటే, ఓడిన ప్రతి బాణం ఆవిడ నెత్తిమీదే పెడతారు. లాంఫ్రాంగ్ ఇక ఏ జట్టులోనూ నిలబడలేడు. చెప్పకపోతే తాత దొంగ. దొంగ ఎముకలకి రాతిగూట్లో చోటుండదు. చోటివ్వనని ముందే గుమ్మంలో నిలబడి చెప్పింది ఆ చెల్లెలే.

తాత నోట్లో పోకచెక్క ఆ దవడ నుంచి ఈ దవడకి మార్చాడు.

"విల్లు చెయ్యడంలో తప్పు లేదు," అన్నాడు.

"మరి విరిగిందేం?"

"ఎందుకు విరిగిందో నాకు తెలుసు. చెప్పను."

"ఓహో, చెప్పడట!" అని గుంపు మళ్ళీ ఎగిరింది.

"చెప్పనన్నాను, చూపించనన్లేదు," అని తాత గొంతు పెంచాడు. తాత గొంతు పెంచడం అప్పటిదాకా ఎవరూ వినలేదు కాబట్టి అందరూ ఆగారు. "ఒకే బొంగు చీల్చి రెండు విళ్ళు చేశాను. ఒకటి విరిగింది, రెండోది కిర్‌షాన్ చేతిలో ఉంది. కొత్త విల్లు చేతికొస్తే ఎంత మొనగాడికైనా మొదటి మూడు బాణాలు పక్కకి పోతాయి. అవునా కాదా?"

అవునన్నారు పెద్దలు.

"కిర్‌షాన్ విల్లు లాంఫ్రాంగ్‌కి ఇవ్వండి. వాడి గురి వాడు ఎప్పటిలాగే చూసుకుంటాడు. మొదటి బాణమే మోపులో దిగితే వాడికిచ్చిందీ వీడికిచ్చిందీ ఒకటే విల్లు. దిగకపోతే నేను దొంగని. ఇంకో మాట మాట్లాడను."

ఇలాంటిది ఎవరూ విన్లేదు. ఎదుటి జట్టు విల్లు పట్టుకోవడమా? కిర్‌షాన్ విల్లుని వీపు వెనక దాచుకున్నాడు.

"నేనివ్వను బావా! గెలిచే పందెంలో నా విల్లు వాడికిస్తానా?"

పైనుంచి, మావ్‌రింగ్ ఆడవాళ్ళ గుంపులోంచి అమ్మమ్మ లేచింది. "ఒరేయ్ కిర్‌షాన్! ఇస్తావా, నన్ను దిగి రమ్మంటావా?"

ఇచ్చాడు.

లాంఫ్రాంగ్ విల్లు అందుకున్నాడు. బుగ్గమీంచి నెత్తురు మెడలోకి కారుతోంది. వాడు మేనమామ పక్కకి వచ్చి ఎవరికీ వినపడకుండా అన్నాడు. "మామా, నా చెయ్యి వణుకుతోంది."

"విల్లు వణకదు. నువ్వు లాగు, మిగతాది అది చూసుకుంటుంది."

"తప్పిపోతే?"

"నేను వేస్తే తప్పుతుంది. వేసేది నువ్వు కదా."

లాంఫ్రాంగ్ మోకాలు మడిచి కూర్చుని బాణం ఎక్కుపెట్టాడు. మా కేకలమనిషి కూడా నోరు మూసుకున్నాడు. నారి చెవిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు వాలుమీంచి ఒక అరుపు.

"ఆగరా!"

బాతిమోన్ నోట్లోంచి శాలువా తీసేసి లేచి నిలబడింది.

"నేనే పెట్టాను! ఎనిమిది రోజులు అటక మీద పెట్టాను, చేపల పక్కన! వాన పడింది, మెత్తబడిపోయిందనుకున్నాను. మెత్తటి ముక్క మనకి అంటగట్టాడనుకున్నాను. వీడు పొలంలో ఉన్నాడు, వీడికి తెలీదు. నా చేత్తో తీశాను, నా చేత్తోనే మళ్ళీ గోడకి తగిలించాను. ఏం చేస్తారో నన్ను చెయ్యండి. మా అన్నని దొంగ అనాలంటే నేననాలి, మీరెవర్రా అనడానికి?"

బయలంతా గగ్గోలు. ఆడది విల్లు ముట్టుకుందంటూ నాంగ్‌స్రో ముసలాళ్ళు చెవులు మూసుకుంటున్నారు. మధ్యవర్తి చేతులెత్తి ఏదో అంటున్నాడు, ఎవరికీ వినపడ్డంలేదు. ఈ గోలంతటిలో లాంఫ్రాంగ్ మాత్రం నారి లాగినవాడు లాగినట్టే ఉండిపోయాడు. వాణ్ణి చూసింది తాత ఒక్కడే.

"నోరు ముయ్యవే!" అని వాలువైపు అరిచాడు తాత. "లాగినవాణ్ణి ఎంతసేపు ఉంచుతావ్? విల్లు పాడైపోతుంది! వదలరా నువ్వు!"

లాంఫ్రాంగ్ వదిలాడు.

నల్ల ఈకల బాణం వెళ్ళి గడ్డిమోపు నడిమధ్యన దిగింది. ఈకలు మాత్రమే బయటికి కనిపించాయి.  మొదట నోరు తెరిచింది కిర్‌షాన్.

"నా విల్లు ఇంత మంచిదని నాకే తెలీదే!"

ఆ తర్వాత పందెం ఎలాగో పూర్తి చేశారు. ఆ ఒక్క విల్లుతోనే కిర్‌షాన్ ఒకటి, లాంఫ్రాంగ్ ఒకటి, చేతులు మార్చుకుంటూ మిగిలిన బాణాలు వేశారు. పోట్లాడుకోవాల్సిన ఇద్దరూ "ఇటివ్వు", "ఉండు", "నారి చూసుకో" అనుకుంటూ ఉంటే కేకలమనుషులకి ఏ పదం కట్టాలో తోచలేదు. ఆఖరి లెక్కలో మావ్‌రింగ్ నాలుగు బాణాలు ఎక్కువ. నాంగ్‌స్రో నాలుగోసారి ఓడింది. కానీ ఆ విడతలో కిర్‌షాన్ కన్నా లాంఫ్రాంగ్‌దే ఒక బాణం ఎక్కువ దిగింది కాబట్టి, గెలుపు తమదేనని వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదన వినాలనుంటే ఏ సంతకి వెళ్ళినా చాలు.

బాతిమోన్‌కి పెద్దలు శిక్ష వేశారు. బయలు శుద్ధి చెయ్యడానికి ఒక పుంజుని ఇవ్వాలన్నారు. ఆవిడ ఊరంతా వెతికి ఎముకలూ ఈకలూ తప్ప ఏమీ లేని పుంజుని పట్టుకొచ్చింది. "పాపం కొంచెమే, పుంజూ కొంచెమే," అంది.

ఆ సాయంత్రం జనం చెదిరిపోతుంటే ఆవిడ అన్న దగ్గరికి వచ్చింది. మిగతావాళ్ళు ఇద్దరినీ చూడనట్టు చూస్తూ మెల్లిగా నడుస్తున్నారు. తాత విరిగిన ముక్కల్ని గడ్డితాడుతో కట్ట కడుతున్నాడు.

"నీకు తెలిసిపోయింది కదూ," అంది ఆవిడ.

"చేపలు ఎక్కువ ఎండబెడుతున్నావ్. అమ్మ ఇంతసేపు ఉంచేది కాదు."

ఆవిడ ముక్కు చీదుకుని, శాలువా సర్దుకుని, చుట్టూ ఎవరెవరు వింటున్నారో చూసుకుంది. అందరికీ వినపడేలా, తిడుతున్నట్టే అంది.

"అమ్మకి ఎడమపక్కన చోటు అలాగే ఉంది. ఎవరూ ఏమీ పెట్టరు. కానీ తొందరపడి రాకు, నాకు బోలెడు పనుంది!"

మావ్‌రింగ్ చేరేదాకా తాత దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడట. అమ్మమ్మ రెండు పళ్ళేల అన్నం పెడితే రెండూ ఖాళీ చేశాడు. మర్నాడు పొద్దున్నే కత్తి నూరుకుని, మేనల్లుడి కోసం పైలోయకి ఇంకో బొంగు చూడ్డానికి వెళ్ళాడు. కిర్‌షాన్ వెంటపడ్డాడు, ఎండవైపు ఏది బావా అంటూ.

ఇదంతా రాసి తాతకి చదివి వినిపించాను. తాత నారి కోసం వెదురు పేళ్ళు తీస్తూ విన్నాడు.  నేను ఉండబట్టక అడిగాను. "తాతా, ఆవిడ లేచి ఒప్పుకోకపోయి, ఆ బాణం కూడా తప్పిపోయి ఉంటే నీ ఎముకలేమయ్యేవి?"

తాత కత్తి ఆపకుండానే అన్నాడు. "చచ్చాక వాటిని మోసేది నేను కాదు, మీరు. ఆ తిప్పలేవో మీరు పడేవాళ్ళు. లే, నారి మీద కూర్చున్నావు."